ట్రాలీ కింద నీడ

ఇప్పుడు మావాళ్లు ఏసీ గదుల్లో కూర్చుని వాతావరణం పాడైపోయిందని నిట్టూరుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. దానంతటదే పాడైనట్టు మాట్లాడతారు. అందులో అందరికన్నా గట్టిగా నిట్టూర్చేవాడు మా పెదనాన్న.

ఆయనకు చెట్టంటే కడుపుమంట. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చండ్రుగొండ దగ్గర అడవి అంచున భూమి కొన్నాక ఆయన చేసిన మొదటి పని చెట్లు కొట్టించడం, రెండో పని కొట్టించినందుకు మురిసిపోవడం. "నీడ పడిన చోట మిరప కాయదురా, ఆకే మిగులుద్ది" అని కనబడినవాడికల్లా చెప్పేవాడు. చుట్టుపక్కల మావాళ్లంతా అదే బాపతు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో అడవిని కట్టెలుగా కాల్చారు, ఖాళీ అయిన చోట అమ్ముకోవడానికి జామాయిల్ నాటారు, తాము వచ్చాకే ఈ నేల బాగుపడిందని మీసాలు దువ్వుకున్నారు. వాగు శివరాత్రికే ఎండిపోవడం మొదలైతే మాత్రం దేవుడికి కళ్లు లేవన్నారు.

మా మిరప చేను గట్టు మీద ఒకే ఒక్క ఇప్పచెట్టు మిగిలింది. అది పెదనాన్న దయ కాదు. కాయలు ఏరడానికి కోయగూడెం నుంచి వచ్చే ఆడవాళ్లు చంటిపిల్లల్ని వెంట తెచ్చుకునేవాళ్లు. పాత చీరలతో ఆ కొమ్మలకు ఉయ్యాలలు కట్టి, సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒకసారి ఊపి వెళ్లేవాళ్లు. చెట్టుంటేనే కూలీలు వస్తారని ఆయనకు తెలుసు. ఎనభైల చివర్లో మిరప ధర పెరిగిన ఏడాది ఆ తెలివి కూడా పోయింది. చెట్టు కింద రెండు సాళ్లు సరిగ్గా కాయడం లేదని, ఏరుడు మొదలు కాకముందే కొట్టించేశాడు.

ఏరుడుకు వచ్చిన ఆడవాళ్లు మొద్దు చుట్టూ నిలబడిపోయారు. కాలేజీకి సంక్రాంతి సెలవులిస్తే వచ్చిన నేనూ అక్కడే ఉన్నాను. చంకలో నెలల పిల్లను ఎత్తుకున్న ఒకామె అడిగింది.

"చెట్టేది దొరా? పిల్లను ఏడ పండబెట్టాలె?"

"పనికొచ్చారా, పిల్లల్ని ఆడించుకోడానికొచ్చారా?" అన్నాడు పెదనాన్న. "ఆ ట్రాలీ కింద కట్టుకోండి. ఏ నీడైతే ఏంటి?"

తన తెలివికి తనే నవ్వుకున్నాడు. ట్రాక్టర్ విప్పేసి వదిలిన ఆ ట్రాలీ కింద, కాగే ఇనుముకీ గ్రీజు వాసనకీ మధ్య ఉయ్యాలలు వేలాడాయి. పక్క చేలో జామాయిల్ తోట ఉంది గానీ దాని నీడ జల్లెడ నీడ.

నేను వేసవి సెలవులకు మళ్లీ వచ్చేసరికి ఆఖరి ఏరుడు నడుస్తోంది, ఎండలు ముదిరాయి. వెనకటి ఏళ్లలో అడవి వైపు నుంచి మధ్యాహ్నం కూడా కాస్త చల్లగాలి వచ్చేది. ఆ ఏడు పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. కూలీలు ఇక ఇంటికి పోతామంటే, పెదనాన్న గట్టు మీద నిలబడి "ఈ మాత్రం ఎండకే కరిగిపోతారా?" అని అరిచాడు. అరుస్తూనే మాట తడబడి మొద్దు పక్కన కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు.

"పెద్దాయనకు వడదెబ్బ తగిలింది! జల్దీ నీడకు తీస్కపోండ్రి!" అని ఒకామె కేక వేసింది.

"ఏడున్నది నీడ?" అంది ఇంకొకామె.

అందరూ ట్రాలీ వైపు చూశారు. ఎండకు భయపడి మిగతావాళ్లు పిల్లల్ని తేలేదు; ఆ ఒక్క నీడలో ఆ నెలల పిల్ల నిద్రపోతోంది.

తల్లి ఉయ్యాల ముడి విప్పి, పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చింది. మేం ఆయన్ని అక్కడ పడుకోబెట్టి, కూలీల కుండల్లో ఉన్న నీళ్లన్నీ ఆయన మీదే పోశాం. ఆమె మొద్దు మీద కూర్చుని, పిల్ల మీద కొంగు కప్పి, తన వీపును ఎండకు పెట్టింది. ఊళ్లోంచి ట్రాక్టర్ వచ్చేదాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. ట్రాలీ కింద పెదనాన్న మూలుగు వింటుంటే నాకు జాలి కలగలేదు, రోత పుట్టింది.

దవాఖానాలో సెలైన్లు ఎక్కించుకుని ఆయన వారంలో తిరిగొచ్చాడు. పిల్లకు ఆ రాత్రే జ్వరం పట్టుకుంది. తల్లి మళ్లీ ఏరుడుకు రాలేదు. పిల్ల ఎలా ఉందని ఆయన అడగలేదు, ఒక మనిషి తక్కువైందని మాత్రం విసుక్కున్నాడు. నేను గూడేనికి వెళ్లి చూశాను. పిల్ల బతికింది. ఒడిలో వడలిన తోటకూర కాడలా ఉంది. తల్లి నన్ను కూర్చోమనలేదు. మంచి పని చేసింది.

చావు దాకా వెళ్లొచ్చాడు కదా, ఇకనైనా నీడ విలువ తెలిసి ఉంటుందని మా ఇంట్లో అనుకున్నారు. తెలిసింది. ఆఖరి ఏరుడు ఇంకా మిగిలి ఉండగానే మొద్దు పక్కన తాటాకు పందిరి వేయించాడు. ఆడవాళ్లు సంబరంగా ఉయ్యాల చీరలు పట్టుకుని వస్తే గుంజ దగ్గరే ఆపేశాడు.

"ఇది బస్తాలకమ్మా. ఈ ఎండకు కాయ రంగు పోతే కొనేవాడుండడు."

చంటిపిల్లలకు రంగు పోయే భయం లేదు కదా. వాళ్ల ఉయ్యాలలు మళ్లీ ట్రాలీ కిందికే వెళ్లాయి.