వెనక నుంచి పిలవకూడదు

నవంబరు రెండో వారం, మధ్యాహ్నం రెండున్నరకి సరిహద్దు పోస్టు చేరేను. పదకొండు వేల అడుగుల ఎత్తు. రెండు బంకర్లు, ఒక వంటగది, పన్నెండు మంది మనుషులు. ఎండ ఉంది, వేడి లేదు. రాజోలు పక్క పల్లెలో పుట్టి, జనవరిలో కూడా ఫ్యాను కింద పడుకున్నవాణ్ణి. మంచు చూడ్డానికి బాగుంది. సుమారు ఇరవై నిమిషాల పాటు.

సెక్షన్ కమాండర్ ఒక హవల్దారు. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన నాకు గేటు చూపించేరు. గేటంటే ముళ్ళతీగలో రెండడుగుల సందు. అక్కణ్ణుంచి బాట. బాటకి ఎడమ పక్క తాడు, తాడుకి ఎర్ర రేకు ముక్కలు. తాడు అవతల మనవాళ్ళే ఎప్పుడో పాతిన మందుపాతరలు.

"సెంట్రీ పని ఒక్కటే," అన్నారు. "ఎవడు బయటికి అడుగుపెట్టినా ఎక్కడికి అని అడగాలి. రిజిస్టర్లో రాయాలి. సుబేదారు సాబ్ అయినా సరే."

మిగతా పనులన్నీ వచ్చు నాకు. ఆ ఒక్కటే రాదు.

మన కోనసీమలో గడప దాటుతున్న మనిషిని ఎక్కడికి అని అడగం. మీకు తెలియంది కాదు. తప్పనిసరైతే "ఎందాకండీ?" అంటాం. "ఆయ్, తాటిపాక దాకానండీ" అంటారు. వెనక నుంచి పిలవడం అసలే లేదు. శకునాలు నమ్మొద్దని మా పాస్టరు గారు ఏటా ఒక ఆదివారం గట్టిగా చెప్పేవారు. ప్రసంగం ముగించి ఆయన మోపెడ్ ఎక్కుతుంటే మాత్రం ఎక్కడికని సంఘంలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆరేళ్ళప్పుడు, కువైట్ బయల్దేరిన మా నాన్నని గుమ్మంలో నేను అడిగేను. ఆయన వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేరు. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది. మా మేనత్త వేసిన మొట్టికాయ నెత్తి మీద రెండ్రోజులే ఉంది. తర్వాత లోపలికి దిగింది.

అందుకని నేను సెంట్రీలో "ఎంత దూరం?" అని హిందీలో అడిగేవాణ్ణి. ఉస్తాద్ రిజిస్టర్ చూసి, "నాకు దూరం కాదురా, దిక్కు కావాలి," అనేవారు.

మా రేడియో ఆపరేటర్ గఢ్వాల్ కొండల మనిషి. నేను బీఏలో సైకాలజీ చదివేనని తెలిసి ప్రొఫెసర్ అని పేరు పెట్టేడు. ఒక సాయంత్రం స్టవ్వు దగ్గర అడిగేడు: "ఒక్క మాట అడగడానికి ఏమిటయ్యా నీ బాధ?"

"ఇన్‌హిబిషన్," అన్నాను.

తెలుగులో నిరోధం అంటారు. అమలాపురంలో మా లెక్చరర్ గారు ఆ మాట ఒక్కసారే వాడేరు. వెనక బెంచీలు చల్లబడ్డానికి పావుగంట పట్టింది. ఆ మీదట ఇంగ్లీషులోకి మారిపోయేరు. ఆయన చెప్పిందే ఇతనికి చెప్పేను. మెదడులో చాలా నరాల ఉద్యోగం పక్క నరానికి వద్దని చెప్పడమే. చెయ్యి ముడవాలంటే ముడిచే కండ బిగియాలి, చాచే కండకి నువ్వూరుకో అని కబురెళ్ళాలి. వెళ్ళకపోతే చెయ్యి కొయ్యే. మర్యాదా అంతే. నోటిదాకా వచ్చినవన్నీ అనేస్తే ఊళ్ళో ఒక్క పెళ్ళీ భోజనాల దాకా సాగదు.

"అంటే తలకాయ నిండా సుబేదారులే," అన్నాడు.

"సిపాయిలూ ఉంటారు."

"వాళ్ళ మాట ఎవడు వింటాడులే."

జనవరి. మూడు రోజులు ఆగకుండా మంచు. నాలుగో రోజు ఉదయం ఆరు నుంచి ఎనిమిది నా సెంట్రీ. పొగమంచులో పది గజాలు దాటి ఏమీ లేదు. రెండేసి గ్లౌజులు, వాటి లోపల వేళ్ళు ఉన్నాయని నమ్మకం. ఆరూ నలభైకి రేడియో ఆపరేటర్ కర్ర పట్టుకుని బయటికొచ్చేడు. ఏరియల్‌కి ఐసు పట్టి సెట్టు మూగబోయింది. ఏడింటికి రిపోర్టు పంపాలి. నన్ను దాటి గబగబా వెళ్ళిపోయేడు.

అడగాలి. అప్పటికే వీపు కనబడుతోంది. అడగలేదు.

మూడు నిమిషాలకి గాలి తిరిగి పొగమంచు చీలింది. ఏరియల్ కుడి పక్క ఉంది. అతను ఎడమ పక్క ఉన్నాడు. తాడు మంచులో కూరుకుపోయింది. ఒకే ఒక్క ఎర్ర రేకు, గోరంత, అతని బూటు పక్కన.

ఒక్క మాట చాలు. థమ్ అనొచ్చు, రుకో అనొచ్చు, దేనికైనా ఆగమనే అర్థం. రెండూ గొంతు దాకా వచ్చేయి. అక్కడ మా మేనత్త నిలబడి ఉంది.

ఒక అడుగు. మోకాలి దాకా దిగింది.

రెండో అడుగు.

మూడో అడుగు.

"ఎందాకండీ!"

అరిచింది నేనే. అచ్చ తెలుగులో, మర్యాదతో సహా.

అతనికి తెలుగు ముక్క రాదు. అందుకే ఆగేడనుకుంటాను. పాఠంలో ఉంది: గంట వినగానే చొంగ కార్చే కుక్క, ఎన్నడూ వినని చప్పుడు వినబడితే చొంగ మానేస్తుంది. నాలుగో అడుగుకి లేచిన ఎడమకాలు గాల్లోనే ఉండిపోయింది. మెడ తిప్పేడు. నన్ను చూసేడు. ఎర్ర రేకుని చూసేడు.

ఉస్తాద్ వచ్చేరు. పరిగెత్తలేదు, గొంతు పెంచలేదు.

"కాలు దించకు. ఊపిరి తీసుకో. నీ గుంటల్లోనే వెనక్కి రా."

"గుంటలు పూడిపోతున్నాయి ఉస్తాద్."

"పూడనీ. ప్రొఫెసర్ చూసి చెప్తాడు."

చెప్పేను. "ఎడమ కాలు. అరచెయ్యంత కుడికి. ఇంకొంచెం. దించు." ఇప్పుడు నోరు బాగానే పనిచేసింది. ఆరూ యాభైకి అతను తాడు ఇవతల ఉన్నాడు. ఏడూ అయిదుకి రిపోర్టు వెళ్ళింది: అంతా క్షేమం. ఆలస్యం ఎందుకయిందని అడిగితే ఐసు అన్నాడు.

అంత మంచు పైన ఉంటే మందుపాతర పేలకపోవచ్చని ఇంజనీర్లు తర్వాత అన్నారు. కాలు గాల్లో ఉన్నప్పుడు ఆ మాట చెప్పడానికి ఎవరూ అందుబాటులో లేరు.

వంటగదిలో వంటాయన అతనికి టీ మగ్గు అందించేడు.

"ఏమని అరిచేవురా?" అన్నారు ఉస్తాద్.

"ఎంత దూరం అని, ఉస్తాద్."

వంటాయన ముందు నవ్వేడు. తర్వాత అందరూ. రేడియో ఆపరేటర్ నవ్వలేదు. జనం వెళ్ళిపోయేక నా పక్కన కూర్చున్నాడు.

"నన్ను ఎప్పుడు చూసేవు?"

అరిచినప్పుడే చూసేనని చెప్పొచ్చు. ఎవరికీ తెలీదు.

"తాడు దాటక ముందే."

టీ అడుగు దాకా తాగేడు. "కోపం లేదు ప్రొఫెసర్. కానీ నేను బయటికెళ్ళేటప్పుడు గేటు దగ్గర నువ్వు వద్దు."

ఉస్తాద్ డ్యూటీలు మార్చేరు. చలికాలమంతా అతను తన రొట్టెలో సగం నాకు పెట్టేవాడు. గేటు మాత్రం నా సెంట్రీలో ఒక్కసారీ దాటలేదు.

మార్చిలో దిగేను. ఇప్పుడు రిటైరై ఊళ్ళోనే ఉంటున్నాను. ఎవరు గుమ్మం దాటినా వెనక నుంచి గట్టిగా ఎక్కడికండీ అని అడుగుతాను. నన్ను చూసి పెరటి దారిన వెళ్ళేవాళ్ళున్నారు. మిలట్రీలో మర్యాద పోగొట్టుకొచ్చేడంటారు. ఆయ్, నిజమేనండీ.

కళ్ళు మూసుకుంటే పేలుడు వినబడదు. పేలింది ఏమీ లేదు కదా. మంచులో మూడు గుంటలు కనబడతాయి. మూడూ నేను చూస్తుండగా పడ్డవే. గాలి పొడిమంచుని తోస్తూ మొదటిదాన్ని పూడుస్తూ ఉంటుంది. నేను ఇంకా నోరు తెరవను.