కట్టు ముందు, దెబ్బ తరువాత

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఏసీ ఆగిపోతే కోపం, ఖుబ్బూస్ రొట్టె చల్లారిపోతే కోపం, అమ్మ జడ బిగించి వేస్తే కోపం, వదులుగా వేస్తే ఇంకా కోపం. అరబ్బు దేశంలో, ఖఫ్జీ లాంటి ఊళ్ళో ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్లకి కోపం తప్ప వేరే కాలక్షేపం కూడా ఉండేది కాదు మరి. ఒక పక్క సముద్రం, తక్కిన పక్కలన్నీ ఇసుక, మధ్యలో కువైట్ వైపు పోయే రోడ్డు, ఆ రోడ్డు మీద మా నాన్న ఎక్కి వెళ్ళే చమురు కంపెనీ బస్సు. సినిమా హాలు అనేది దేశంలోనే లేదు. అందుకని దొరికిన ప్రతిదాని మీదా ఒంటికాలి మీద లేచేదాన్ని. అయితే ఆ కోపాలన్నీ ఒక ఎత్తు, జపాన్ పొడుగుపిల్ల మీద నాకొచ్చిన కోపం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ పిల్ల నిజం మనిషి కూడా కాదు, ఒక బొమ్మల పుస్తకంలోది. ఇప్పుడు తలుచుకున్నా కాస్త ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

ఆ పుస్తకం మా ఇంటికి కప్పుల మధ్య సర్దుకుని వచ్చింది. మా పక్క వాటాలో ఒక జపాన్ ఇంజనీరు కుటుంబం ఉండేది. ఆయన భార్యని మేము జపాన్ ఆంటీ అనేవాళ్ళం. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి జపాన్ భాష రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక వాక్యం అయ్యేది కాదు. అయినా ఇద్దరూ గంటలకి గంటలు మాట్లాడుకునేవారు (ఏం మాట్లాడుకున్నారని అడిగితే అమ్మ "ఏవో కష్టసుఖాలు" అనేది). కంపెనీలో జపాన్ వాళ్ళు ఒక్కొక్కరే సామాను సర్దుకుంటున్న కాలం అది. వెళ్ళేముందు ఆవిడ ఒక అట్టపెట్టె నిండా పింగాణీ కప్పులు ఇచ్చింది. అవి పగలకుండా మధ్య మధ్యలో తన కూతురు చదివేసిన బొమ్మల పుస్తకాలు పెట్టింది. కప్పులు అమ్మ తీసుకుంది. పుస్తకాలు నాకొచ్చాయి. వాటిలో ఒకదాని అట్ట మీద బడి బట్టల్లో ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుని నుంచున్నారు, ఒకతి పొడుగు, ఒకతి పొట్టి. పొట్టిగా ఉన్నదాన్ని చూడగానే అది నేనే అని నిశ్చయించుకున్నాను.

నా చేతికి రాకముందు ఆ పుస్తకం మా నాన్న చేతిలో పడింది. అక్కడ షాపులో కొన్న ఇంగ్లీషు పత్రికల్లో ఆడవాళ్ళ భుజాలకీ మోకాళ్ళకీ సెన్సారు వాళ్ళ నల్ల మార్కరు పూసే ఉండేది. పుట్టినప్పటి నుంచీ అలాగే చూశాం కాబట్టి అచ్చులోనే అలా వస్తుందనుకునేవాళ్ళం. "ఎవడో పూసేదేమిటి, మనమే పూసేసుకుంటే ఓ పనైపోద్ది. రేపు బడి సంచిలో ఎవరన్నా చూస్తే నా ఇఖామా మీదకొస్తది, ఉండనిచ్చే కార్డే పీకేస్తారు" అంటూ నాన్న శుక్రవారం పొద్దున్నే మార్కరు పట్టుకుని కూర్చున్నారు. జపాన్ బడిపిల్లల గౌన్లు మోకాలి దాకానే ఉంటాయి కదా, ఆయన ప్రతి పిల్లకీ చీలమండ దాకా నల్ల ప్యాంటు తొడిగారు. ఒకచోట డ్రిల్లు మాస్టారు లాంటి ఆయనెవరో విజిల్ పట్టుకుని నుంచున్నాడు. "ఆడపిల్లల బళ్ళో మగాడేంట్రా నీ మొహం" అని ఆయన్ని నెత్తి నుంచి కాళ్ళ దాకా పూసేసి ఒక నల్ల స్తంభం చేశారు. ఇక ఆ ఇద్దరు పిల్లలూ పేజీ పేజీకీ చేతులు పట్టుకోవడం, ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకోవడం, చుట్టూ పువ్వులు రాలడం చూసి మాత్రం మురిసిపోయారు. "అక్కచెల్లెళ్ళల్లే ఎంత ముచ్చటగా ఉన్నారే అమ్మడూ, నువ్వూ ఉన్నావు, ఎప్పుడూ ఎవరితోనో ఒకళ్ళతో పోట్లాట" అన్నారు.

అసలు అన్యాయం అప్పుడే జరిగింది. పుస్తకం ఎటు నుంచి చదవాలి అన్న అనుమానం నాకూ రాకపోలేదు. బళ్ళో అరబిక్ పాఠం కుడి నుంచి ఎడమకి చదివేవాళ్ళం కాబట్టి పుస్తకాలు రెండు వైపుల నుంచీ తెరుచుకుంటాయని తెలుసు. నాన్నని అడిగాను. "మా పంపుల మాన్యువళ్ళన్నీ జపాన్ నుంచే వస్తాయి. ఇంగ్లీషు పుస్తకాల్లాగా ఇటు నుంచే తెరుచుకుంటాయి. పొద్దస్తమానం వాటితోనే కదా నా బతుకు! అరబ్బులకీ జపాన్ వాళ్ళకీ ఏవిటే సంబంధం?" అన్నారు. ఇంజనీరు చెప్పాక ఇక తిరుగేముంది. ఒక్క అక్షరం రాని ఆ పుస్తకాన్ని బొమ్మలు చూసుకుంటూ ఎడమ నుంచి కుడికి మొత్తం చదివేశాను.

అలా చదివితే కథ ఇది. మొదట్లో ఇద్దరూ రైల్వే స్టేషన్లో చేతులు పట్టుకుని, కళ్ళ నిండా నీళ్ళతో, ప్రపంచంలో ఇంకెవరూ అక్కర్లేనట్టు ఉంటారు. పొడుగుపిల్లకి జుట్టు మెడ దాకానే. రెండు పేజీలు తిప్పేసరికి నడుం దాకా పెరిగిపోయింది. (అమ్మ ఈ పేజీ దగ్గర ఆగి "ఏం నూనె రాస్తారో, ఆవిడ ఉండగానే అడగాల్సింది" అని నిజంగా బాధపడింది.) జుట్టు పెరిగేసరికి దానికి పొగరు కూడా పెరిగి పొట్టిపిల్లతో పోట్లాట పెట్టుకుంది. తరువాత పొట్టిపిల్ల నుదుటికి ఒక కట్టు. దెబ్బ లేకుండా కట్టేమిటని అడిగితే అమ్మ "ముందుజాగ్రత్త అయ్యుంటది, జపాన్ వాళ్ళు అలాంటి మనుషులే" అంది. సరే అనుకున్నాను. తరువాతి పేజీలో పొడుగుపిల్ల ఆ కట్టు విప్పేసింది. ఆ తరువాతి పేజీలో పొట్టిపిల్ల మెట్ల మీద నుంచి పడిపోయింది! అంటే ఏమిటి? కట్టు విప్పి మరీ తోసిందన్న మాట. ఆఖర్లో వాన. ఇద్దరూ ఒక గొడుగు కింద ఉన్నారు. పేజీ తిప్పగానే పొడుగుపిల్ల గొడుగు లాక్కుని దూరంగా నుంచుంది. బడి గేటు దగ్గర పొట్టిపిల్ల తడుస్తోంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు. అంతే, అయిపోయింది. నేను పుస్తకం మూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాను. అంత ప్రాణంగా ఉన్న మనిషి, చివరికి తెలియనట్టు నుంచుంటుందా?

ఈ ఘోరాన్ని నలుగురికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మర్నాటి నుంచి ఇంటర్వెల్లో రోజుకి కొంచెం చొప్పున కథ చెప్పడం మొదలుపెట్టాను. నల్ల స్తంభాన్ని దెయ్యం చేశాను. అమ్మాయిలు టిఫిన్ డబ్బాలు తెరవడం మరిచిపోయి కళ్ళు తుడుచుకునేవారు, పొడుగుపిల్లని నోటికొచ్చినట్టు తిట్టేవారు. నా పక్కనే కూర్చుని వినేది సుర్మా. హైదరాబాదు పిల్ల, వాళ్ళ నాన్న ఏసీలు బాగుచేసే మెకానిక్కు. కళ్ళకి ఎప్పుడూ సుర్మా కాటుక పెట్టుకుని వచ్చేది కాబట్టి ఆ పేరు. ఒకటో తరగతి నుంచీ నాది, దానిది ఒకే బెంచీ. నేను ఎవరి మీద లేచినా నా కొంగు పట్టి కూర్చోబెట్టే మనిషి అదొక్కతే (కొంగు అంటే యూనిఫారం దుపట్టా). అది నాకన్నా పొడుగు కూడా. కథంతా వింది. చివర్లో "గా కితాబు ఒక్కసారి నాకియ్యవే" అంది.

రెండు రోజుల తరువాత పట్టుకొచ్చి నా ముందు పడేసింది. "ఉల్టా సదివినవే నువ్వు. కుడి దిక్కుకెల్లి షురూ జెయ్యాలె, ఉర్దూ సదివినట్టు. మొదట వానల ఒకల్లకొకల్లు ఎర్కనే లేదు. గా పొడుగామె గొడుగు వట్టింది. గీ పొట్టి పిల్ల వడ్డది, గామె కట్టు కట్టింది. మద్దెల లొల్లయింది, బాధకు గామె జుట్టు కోస్కున్నది. ఆఖర్ల టేషన్ల కలిసిన్రు. దెబ్బ తాకినంకనే కదనే కట్టు కడ్తరు, గంత గూడ సమజ్ గాలేదా?" అంది. అందరి ముందూ! ఊరుకుంటే బాగుండేది. "ఇంకోటి జెప్పాల్నా, గాల్లది దోస్తీ గాదు. ఇష్కు" అంది. "ఆడపిల్లలకీ ఆడపిల్లలకీ ప్రేమేమిటే, సిగ్గులేకపోతే సరి!" అని నేను ఇంతెత్తు లేచాను. సుర్మా తాపీగా, "నాకేమెర్క, బొమ్మలల్ల ఉన్నది. మీ నాయిన మార్కరు గూడ కొట్టలే" అంది.

జవాబు లేనప్పుడు కోపం రెట్టింపవుతుంది. తరగతిలో పిల్లలందరూ ఒక్క రోజులో దాని పక్షం ఎక్కేశారు, సుఖంగా ముగిసే కథ ఎవరికి చేదు? నాకు మిగిలినవాళ్ళు ఇద్దరే, వాళ్ళు కూడా దెయ్యం కోసం ఉన్నారు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని బెంచీ మారిపోయాను. సుర్మాతో మాటలు మానేశాను. అది ఎదురొస్తే గోడకేసి చూసేదాన్ని. అది మొదట్లో నవ్వింది, తరువాత పిలిచింది, తరువాత అదీ గోడకేసి చూడటం మొదలుపెట్టింది. దాంతో నాకు ఇంకా మండింది. నేను చూడకపోతే అదీ చూడకూడదా? ఇదెక్కడి న్యాయం?

అలా ఉండగా ఒకరోజు ఎవరో అన్నారు, సుర్మా వాళ్ళ నాన్నకి ఫైనల్ ఎగ్జిట్ వచ్చిందట, వచ్చే వారం కుటుంబంతో సహా వెళ్ళిపోతున్నారట అని. ఆ మాట అక్కడ పిల్లలకి కూడా తెలుసు. పాస్‌పోర్టు మీద ఆ ముద్ర పడితే ఇక తిరిగి రావడం ఉండదు. సెల్‌ఫోన్లు నాన్నల జేబుల్లో ఉండేవి, మా చేతికిచ్చేవారు కాదు. వెళ్ళిన స్నేహితురాలు వెళ్ళినట్టే. నాకు ముందు ఏడుపు రావాలి, న్యాయంగా. కానీ కోపం వచ్చింది. ఊరంతటికీ తెలిసిన సంగతి నాకు చెప్పలేదే అని అన్నం ముందు కూర్చుని కంచం తోసేశాను. "నువ్వు మాట్లాడటం లేదు కదే, ఎలా చెప్తది?" అంది అమ్మ. అమ్మ మీద కూడా కోపం వచ్చింది. కానీ ఆ రాత్రి పుస్తకం ఆఖరి బొమ్మ, అదే నా ఆఖరి బొమ్మ, కళ్ళ ముందు నుంచి పోలేదు. గేటు దగ్గర ఇద్దరు, మొహాలు చెరొకవైపు. భయమేసింది.

వాళ్ళు వెళ్ళేది మిట్టమధ్యాహ్నం. దమ్మాం విమానాశ్రయానికి పోయే పెద్ద జీఎంసీ బండి మా ఎదురుగానే ఉన్న వాళ్ళ భవనం గేటు ముందు ఆగి ఉంది. పైన పెట్టెలకి తాళ్ళు కడుతున్నారు. మా కారు పక్కన నేను నుంచున్నాను, ఊరికే నుంచున్నట్టు, ఎటో చూస్తూ. సుర్మా వచ్చింది. తనూ ఎటో చూస్తూ పక్కన నుంచుంది. నిలువునా మాడ్చే ఎండ. పెట్టెలు కట్టడం అయిపోవస్తోంది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను ఆఖరికి, గోడతో అన్నట్టు.

"నువ్వు మాట్లాడ్తలేవు గద, గోడకు జెప్పాల్నా?" అంది. మళ్ళీ తనే, "సూడు, గేటు కాడ మొకాలు తిప్పుకొని నిలవడ్డం. నీ కతల గిది ఆఖరి బొమ్మ. నా కతల గిదే మొదటి బొమ్మ. నీకేది గావాలె?" అంది. గొంతు మామూలుగానే ఉంది కానీ కళ్ళకున్న సుర్మా చెంపల మీదికి కారుతోంది.

నా బుర్రకి తట్టిన మొదటి మాట ఏమిటంటే, "నీ కథలో గొడుగు ఉంది కదే, ఇక్కడ గొడుగేది?" (ఆ సమయంలో కూడా వాదన మానలేదు నేను.) ఖఫ్జీలో గొడుగు ఎవరి ఇంట్లో ఉంటుంది? అటూ ఇటూ చూసి, మా కారు తలుపు తీసి, ఎండకి ముందు అద్దానికి పెట్టే వెండిరంగు అట్టని లాగాను. మడత విప్పి రెండు చేతులతో ఎత్తి ఇద్దరి నెత్తి మీదా పట్టాను. నేను పొట్టి కాబట్టి అట్ట దాని నెత్తికి కొట్టుకుంది. "హల్లు, హల్లు, మెల్లగ" అంటూ ఒక చివర అది పట్టుకుంది. రెండో చెయ్యి నా చేతిలో పెట్టింది. ఇద్దరం ఆ అట్ట కింద ఏడ్చాం, నవ్వాం, మళ్ళీ ఏడ్చాం. అవతల మా నాన్న "కారు అట్ట ఏదే? స్టీరింగు కాలిపోతాది!" అని అరుస్తున్నారు. బండి కదిలే ముందు ఇంట్లోకి పరిగెత్తి పుస్తకం తెచ్చి దాని ఒళ్ళో పడేశాను. "నీ దిక్కు నుంచే చదువుకో పో" అన్నాను, కోపంగానే.

తరువాత చాలా ఏళ్ళకి, ఇద్దరికీ చేతుల్లోకి సొంత ఫోన్లు వచ్చాక, సుర్మా మళ్ళీ నాకు దొరికింది. ఇలాంటి కథలకి జపాన్‌లో యూరి అనే పేరుందనీ, అంటే లిల్లీ పువ్వనీ కూడా ఆ మధ్యలోనే తెలిసింది. కుడి నుంచి చదవాలన్నది నిజమే, ఇష్కు అన్నదీ నిజమే. బెంచీ మారిన ఆ రోజుల్లో నాకు అంత కోపం ఎందుకొచ్చిందో కూడా కొంచెం కొంచెంగా అర్థమైంది. బొమ్మల్లోని పిల్ల మీద ఎవరికైనా అంత కోపం వస్తుందా? ఎప్పటికో విడిపోతామన్న బెంగకి అప్పుడే కట్టు కట్టుకుని తిరిగాను, దెబ్బ తరువాత తగిలింది.

పోయినేడు హైదరాబాదులో వాళ్ళింటికి వెళ్ళాను. సుర్మా వంటింట్లో ఉంది. ముందుగదిలో దాని కూతురు, ఇంగ్లీషు మీడియం పిల్ల, చాప మీద పడుకుని ఒక పుస్తకం చూస్తోంది. అవే నల్ల ప్యాంట్లు, అదే నల్ల స్తంభం. ఎడమ నుంచి తిప్పుతోంది! "ఖాలా, వీల్లిద్దరు మంచిగనే ఉండిరి గద, లాస్ట్‌ల గా అక్క గొడుగు గుంజుకోని ఎందుకు పోయింది?" అని నన్ను అడిగింది (ఖాలా అంటే పిన్ని).

నేను ఒక్క ఉదుటున లేచాను. "ఎవరు చెప్పారే పోయిందని? ఎంత మంచి పిల్ల అది, ఎంత ప్రాణం పెట్టింది! నోటికొచ్చినట్టు అంటావేమిటి, ముందు పుస్తకం అటు తిప్పు!" అని అరిచాను. వంటింట్లోంచి సుర్మా నవ్వు వినబడింది. "సూసినవా, అచ్చం నీ అసుంటిదే నా ఇంట్ల పుట్టింది" అంటూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. పిల్ల బెదిరిపోయి పుస్తకం తిప్పి పట్టుకుంది. వాన, బడి గేటు, ఇద్దరు ఆడపిల్లలు, మొహాలు చెరొకవైపు.

"మరి ఇప్పుడేమైతది?" అంది.

"చూస్తూ ఉండు" అన్నాను. నా గొంతులో ఇంకా కొంచెం కోపం ఉంది. "ఇప్పుడే కదా మొదలైంది."