దుబాయ్ చుట్టల పెట్టె

మా బావ ఆ పెట్టె నా చేతిలో పెట్టిన రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. దేవదారు చెక్క పెట్టె. లోపల వరసగా ఐదు లావుపాటి చుట్టలు. సిగార్లు అనాలని బావ నేర్పాడు గానీ మా నోటికి అవి చుట్టలే. మూతకు వాచీలాంటి చిన్న బిళ్ళ, అందులో ఒక ముల్లు. లోపల తేమ ఎంతుందో అది చెబుతుంది. డెబ్బై దగ్గర నిలబడాలి. తగ్గితే ఆకు ఎండి పగులుతుంది, పెరిగితే బూజు పడుతుంది. వేములవాడ పక్కన మరమగ్గాలు నడుపుకునే నాకు అంత ముచ్చటైన పని అంతకుముందు ఎవరూ అప్పగించలేదు.

బావ అంటే మా అక్క భర్త. అక్క మా ఇంట్లోనే ఉండేది. దుబాయ్‌లో ఒక పెద్దింట్లో పనిచేసేవాడు. ఆ ఇంటి అర్బాబుకు, అంటే యజమానికి, ఇలాంటివి అల్మారా నిండా ఉండేవట. వాటి తేమ చూడటం, తేమ కోసం పెట్టెలో ఉంచే స్పాంజి తడపడం, వరస మార్చడం, అర్బాబుకు అందించి ముట్టించడం అన్నీ బావ పనే. అన్నేళ్ళలో ఒక్కటీ తను తాగి ఎరగడు. ఓసారి సెలవుకు వస్తుంటే అర్బాబే ఈ పెట్టె ఇచ్చాడు. అప్పుడే కాలుద్దామని నేను ఎగబడ్డాను. బావ ఒప్పుకోలేదు.

"పూరాగ వాపస్ వచ్చినంక మనింటి ముంగట కుర్సేసుకోని తాగుత. గప్పటిదాక నువ్వే జర జూడు బామ్మర్ది."

అక్కడ పదిమంది కలిసుండే గదిలో పెడితే మిగలవని ఇక్కడే వదిలి వెళ్ళాడు. స్పాంజికి నల్లా నీళ్ళు వద్దన్నాడు కాబట్టి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకున్నాను. వానాకాలం, చలికాలం ముల్లు బుద్ధిగా నా మాట విన్నది. దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే బావ బొటనవేలు బొమ్మ పెట్టేవాడు. పదో తరగతి పాసైనప్పుడు కూడా నాకంత సంబరం కాలేదు.

ఎండలు ముదిరాయి. ఇక దుబాయ్‌కి దండం పెట్టి వచ్చేస్తున్నానని బావ ఫోన్ చేశాడు. సరిగ్గా అప్పుడే ముల్లు యాభైకి దిగింది. నేను నేతపనివాణ్ణి. ఎండాకాలం షెడ్డులో నూలు పోగులు పుటుక్కున తెగుతుంటే నేల మీద నీళ్ళు చల్లుతాం, కిటికీలకు తడి గోనెసంచులు కడతాం. నూలుకు మంచిదైంది ఆకుకు చెడ్డదవుతుందా? పెట్టె చుట్టూ తడి గోనె చుట్టేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగు రోజులకు గోనె విప్పి చూస్తే చెక్క ఉబ్బి మూత రాలేదు. బలంగా లాగితే ముల్లు ఎనభై దాటి ఉంది. చుట్టలు మెత్తబడ్డాయి, ఒకదాని కొసన తెల్లటి బూజు.

తిట్లకు సిద్ధపడే బావకు ఫోన్ చేశాను. బావ తిట్టలేదు. బూజు పట్టినదాన్ని పారేయమన్నాడు, స్పాంజి బయటికి తీసి, మూత కాస్త తెరిచి నీడలో పెట్టమన్నాడు. తొందరపడి ఎండలో పెడితే మిగతావి కూడా పగులుతాయని రెండుసార్లు చెప్పాడు. అప్పటినుంచి నాకు అదే ధ్యాస. మగ్గం ఆగితే చాలు, ఇంటికి పరుగెత్తి ముల్లు చూసేవాణ్ణి. బాలింతను కూడా ఎవరూ ఇంతగా కనిపెట్టుకుని ఉండరని అక్క ఎగతాళి చేసింది. ముల్లు డెబ్బై దగ్గరికి వచ్చి ఆగిన పూట షెడ్డులో అందరికీ చాయ్ తాగించాను. ఎందుకో చెబితే వాళ్ళు నన్ను వింతగా చూశారు.

బావ వచ్చాడు. బ్యాగులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, ఇంటి ముందు కుర్చీ వేసి పెట్టె ఆయన ఒడిలో పెట్టాను. బావ ముల్లు చూశాడు, ఒక్కో చుట్టనూ రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాడు, మంచిగుంచినవన్నాడు. నేను గాల్లో తేలిపోయాను. ఆ తర్వాత ఆయన చుట్టల వరస మార్చాడు, అంచున దుమ్ము తుడిచాడు, చప్పుడు కాకుండా మూత వేశాడు. లేచి నిలబడి, తల కాస్త వంచి, రెండు చేతులతో పెట్టె నా ముందుకు చాపాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పెట్టెను ఆయన వైపే మెల్లగా నెట్టాను.

"ఎవలకిస్తున్నవ్ బావా? ఈడ అర్బాబు లేడు. గివి నీయి."

బావ తన చేతుల వైపు చూసుకున్నాడు. మెల్లగా మళ్ళీ కూర్చుని, ఒక చుట్ట తీసి పట్టుకుని, సిగ్గుపడుతూ నా వైపు చూశాడు.

"ముట్టియ్యొస్తది గని, తాగుడెట్లనో తెల్వది బామ్మర్ది."

నాకూ తెలియదు. అగ్గిపుల్ల నేనే గీశాను.