అడుగు స్వరం

నా చిన్నప్పుడు పలక పట్టాల్సిన చేతుల మీద ఇంటి పని వచ్చి పడింది. అక్షరాలు నేర్చుకునేసరికి అరవై దాటాయి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న చేపల వేటకు వెళ్లాడు. మూడో రోజుకు తెప్ప ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ రోజు పడుకున్న మా అమ్మ మళ్లీ లేవలేదు. నేను నోట్లో పోస్తే నీళ్లు మింగేది, అంతే. పదో దినానికి విజయనగరం నుంచి వచ్చిన మా మేనత్త, మర్నాడు పొద్దున్న బస్సుకు నన్ను తీసుకుపోతానంది.

"తల్లే సచ్చినదానిలాగ పడున్నాది. ఈ గుంటని ఎవలు సూస్తారు?" అంది.

నేను వెళ్తే ఇంట్లో మిగిలేది మా తాతయ్య. మామగారు కోడలి నోటికి ముద్ద అందించడం మా ఇళ్లలో లేదు. నేను బస్సెక్కితే అమ్మ బతకదని నాకు తెలుసు.

మా తాతయ్య భజనలో హార్మోనియం వాయించేవాడు. పది రోజులుగా దాన్ని ముట్టుకోలేదు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక దాని మీది గుడ్డ తీసి, పెట్టెను ముందు పెట్టుకున్నాడు.

"పెట్టి వాయిస్తే కూడొస్తాదేటి అయ్యా?" అంది అత్త గుమ్మంలోంచి.

"రాదే. నా ఏడుపు ఆగుతాది."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని స, గ, ప మూడు మెట్లూ ఒక్కసారే నొక్కాడు. గట్టి నేల మీద నిలబడ్డట్టు పలికింది. అడుగునున్న స మీంచి వేలు తీసి పై స మీద పెట్టాడు. ఇప్పుడు అడుగున గ ఉంది. అవే మూడు స్వరాలు, కానీ కాస్త మెత్తబడ్డాయి. తర్వాత గ కూడా పైకి పోయింది. అడుగున ప మిగిలింది. పడబోయే మనిషి గోడ పట్టుకున్నట్టుంది ఆ మోత.

"ఇది నిలబడదు తాతా" అన్నాను.

"నిలబడదే గుంటా. అందుకే ఇక్కడ ఆగిపోకూడదు. ముందుకెల్లిపోవాల."

అడుగు వేలు కదపకుండా పై రెండు వేళ్లనూ ఒక్కో స్వరం కిందికి దించాడు. ప, ని, రి పలికాయి. అక్కడి నుంచి మళ్లీ స, గ, ప. తర్వాత నా చేత నొక్కించాడు. నా వేళ్లు అందక రెండు చేతులూ వాడాను. మా అమ్మ గురించి ఆయన ఒక్క మాటా అనలేదు.

ఆయన సంగీతమే చెప్పాడో, మరేదైనా చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు. నేను మాత్రం మా ఇంటి సంగతిగానే విన్నాను. నాన్న పోయాడు, అమ్మ పడిపోయింది, అడుగున నేనున్నాను. ఆ తర్వాత నా బతుకులో చావులు ఇంకా వచ్చాయి. ప్రతిసారీ వణుకుతూనే, ఒక్క వేలు కదపకుండా ఉంచి, మిగతావి జరుపుకుంటూ వచ్చాను.

మర్నాడు తెల్లవారుతుండగా లేచి పొయ్యి అంటించి, చోడి అంబలి, అదే రాగి జావ, కాచాను. ఉండలు కట్టింది. అమ్మను గోడకు ఆనించి, గడ్డం ఎత్తి పట్టుకుని, కొంచెం కొంచెంగా పోశాను. సగం మెడ మీదుగా కారిపోయింది.

"బస్సెల్లిపోతాదే, రా!" అని వీధిలోంచి అత్త అరిచింది.

నేను రెండో గరిటె పోశాను.