బూట్లు విప్పించిన పాస్టరుగారు

మా మెథడిస్టు చర్చికి వచ్చిన పాస్టర్లలో ఒకాయనకి మనుషుల ముఖాలు కనపడేవి కావు. పాదాలే కనపడేవి. ఆదివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరి కాళ్లూ చూసేవారు. నచ్చకపోతే ఒకటే మాట: "విప్పు!" విప్పిన బూట్లు బుట్టలో పడేసి, ఆయన తెప్పించిన రబ్బరు చెప్పులు తొడుక్కుని ఆరాధనలో కూర్చోవాలి, వాటితోనే ఇంటికి పోవాలి. బుధవారం ప్రార్థనకి వస్తేగానీ బూట్లు తిరిగి చేతికి రావు. పాస్టరు కాకముందు ఆయన సిపాయిగా యుద్ధానికి వెళ్లొచ్చారు. పటాలం వదిలినా పటాలం బుద్ధి వదల్లేదని జనం మర్యాదగా అనేవారు. నేను పిచ్చి అనేదాన్ని. చర్చి ఊడ్చేదాన్ని నేను, ఆ బుట్ట వాసన భరించేదాన్నీ నేనే. అనే హక్కు నాకు ఉంది.

ఆయనతో పోట్లాడి గెలిచినవాణ్ణి నేనైతే చూడలేదు. చర్చి కమిటీ పెద్ద, కలప డిపో యజమాని, ఒక ఆదివారం ప్రయత్నించాడు. తళతళలాడే బూట్లు, అడుగు పడితే కిర్రుమంటున్నాయి.

"విప్పు!" అన్నారు పాస్టరుగారు.

"ఇవి నిన్న కొన్నవండీ!"

"కనపడుతూనే ఉంది. దేవుణ్ణి చూడ్డానికొచ్చావా, దేవుడికి చూపించడానికొచ్చావా?"

"పోయిన వారం పాతబడ్డాయని విప్పించారుగా!"

"అప్పుడు మరీ పాతవి, ఇప్పుడు మరీ కొత్తవి. మధ్యరకంగా బతకడం చేతకాదా నీకు?"

"నేను కమిటీ పెద్దనండీ!"

"అందుకే ముందు నువ్వు విప్పు."

వెనకాల వరస ఆగిపోయింది. ఆస్పత్రి నర్సమ్మ ఒక కాలు రెండో కాలి వెనక దాచుకుని నిలబడింది. డిపో ఆయన భార్య పళ్లు నూరింది. "విప్పి తగలడండి! లోపల పాట మొదలెట్టేశారు!"

విప్పాడు. మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి అందరినీ పలకరించింది. జనమంతా ఆ వేలు చూసి నవ్వుతుంటే పాస్టరుగారు పక్కకి తిరిగి, "నర్సమ్మా, నువ్వూ విప్పు. ఈ సంఘంలో ఒక్కరికీ నడవడం రాదు," అన్నారు. ఆ పిల్ల గబగబా విప్పి బుట్టలో పడేసింది. అటు ఎవరూ చూడలేదు. డిపో ఆయన వేలు అంత బాగుంది మరి.

ఇక ఆయన ప్రసంగం సంగతి. ఆ మాత్రం దానికి దేవుడు పిలవాలా, కవాతు చేయించేవాడు చాలడా అనిపించేది. "ఆమెన్" అంటూ కాలు నేలకేసి కొడితే నిద్రపోతున్న ముసలమ్మలు లేచి నిలబడేవారు. యుద్ధంలో ఏదో పతకం వచ్చిందని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. ఒక ముసలాయన ఉండబట్టలేక అడిగాడు.

"అయ్యగారూ, మొత్తం ఎంతమందిని చంపి ఉంటారు?"

"నా ప్రసంగాలతో కలిపా, కలపకుండానా?"

ఆ మనిషి దగ్గర ఉన్న ఒకే ఒక్క సుగుణం, తన సంగతి తనకి తెలియడం.

ప్రతి సోమవారం చర్చి వెనక గదిలో దూరి గడియ పెట్టుకునేవారు. లోపలినుంచి టక్ టక్‌మని చప్పుడు. "ఏం చేస్తున్నారండీ?" అంటే, "ప్రసంగం తయారుచేస్తున్నా," అనేవారు. అయి ఉండవచ్చు అనుకున్నాను. వినేటప్పుడు నెత్తిన మేకులు దిగినట్టు ఉంటుంది కదా.

ఆ ఆదివారం తర్వాతి సోమవారం నా కాలు తగిలి బకెట్టు ఒలికింది. నీళ్లు ఆ గది తలుపు కిందికి పోయాయి. గడియ సరిగ్గా పడలేదు కాబోలు, తలుపు తోస్తే తెరుచుకుంది. పాస్టరుగారు ముక్కాలి పీట మీద కూర్చుని, మోకాళ్ల మధ్య నర్సమ్మ తెల్ల బూటు బిగించి, కొత్త అట్ట వేసి మేకులు కొడుతున్నారు. నోటినిండా మేకులు. ఆయన మాట్లాడలేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తనివితీరా చూశాను.

బూటులోంచి తీసిన కాగితపు అట్టముక్క పక్కన పడి ఉంది. అడుగున చిల్లు పడితే ఆ పిల్ల అది పెట్టుకుని నడుస్తోందన్నమాట. పక్కనే డిపో ఆయన బూట్లు మెరుస్తున్నాయి.

"వీటికేం రోగం?" అన్నాను.

మేకులు అరచేతిలోకి ఉమ్ముకున్నారు. "ఏమీ లేదు. అవి తోడొచ్చాయి."

"తోడా?"

"నర్సమ్మవి మాత్రమే విప్పిస్తే అందరూ ఆమె బూట్లే చూస్తారు. పెద్దమనిషివీ విప్పిస్తే నన్ను తిడతారు. నన్ను తిట్టుకునేవాడికి పక్కవాళ్ల కాళ్లు కనపడవు."

"బూటు చిరిగిందా అని చాటుగా అడగొచ్చుగా!"

ఆయన సుత్తి కింద పెట్టారు. "పటాలంలో నా పని తుపాకి కాదు చెల్లెమ్మా, బూట్లు కుట్టడం. యుద్ధంలో ఓడి వెనక్కి నడిచే రోజు ఒక సిపాయిని అడిగాను, బూట్లు బాగున్నాయా అని. బాగున్నాయన్నాడు. సిగ్గు. సగం దారిలో కూలబడ్డాడు, మేం వదిలేసి వచ్చాం. వాణ్ణి అడగాల్సింది కాదు. విప్పమనాల్సింది."

తడిసిన నేల తుడిచాను. ఆ రోజునుంచి సోమవారాలు దారానికి మైనం రాయడం నా మెడకి చుట్టుకుంది. చిన్న చిన్న కుట్లు కూడా నాతోనే వేయించేవారు, అదీ తిడుతూ. బాగుచేయించుకున్నవాళ్లు మాత్రం ఎవరికివారే నోరు మూసుకున్నారు. చెబితే చిల్లు సంగతీ చెప్పాలిగా!

డిపో ఆయన నోరు మూసుకుంటాడా? ఈ పాస్టర్ని బదిలీ చేయాలని పైకి రాశాడు. మా మెథడిస్టుల్లో పాస్టరు ఏ ఊళ్లో ఉండాలో పైవాళ్లే తేలుస్తారు. విచారణకి జిల్లాలోని మా చర్చిలన్నిటికీ పెద్ద, సూపరింటెండెంటుగారు వచ్చారు. కమిటీ కొలువుతీరింది, చూడ్డానికి సంఘమంతా వచ్చి కూర్చుంది. "ఇది చర్చా, పటాలమా?" అని డిపో ఆయన బల్ల గుద్దాడు.

"మీరేమైనా చెప్పుకుంటారా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

పాస్టరుగారు బల్ల కిందికి వంగి ఆయన కాళ్లు చూశారు. "విప్పండి," అన్నారు.

ఊరు దాటించడానికి అంతకంటే ఏం కావాలి? నాకు ఒళ్లు మండింది. వెనక గది గుట్టంతా బయటపెట్టేద్దామని చీపురు పక్కన పడేసి లేచాను. ముందు వరసలో నర్సమ్మ తెల్ల బూట్లతో, రెండు కాళ్లూ చక్కగా ఆనించి కూర్చుని ఉంది. పాస్టరుగారు నావైపు ఉరిమి చూశారు.

"చెల్లెమ్మా, నీ బకెట్టు కారుతోంది."

అది కారడం లేదు. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన బదిలీ ఖాయమైంది.

వెళ్లే రోజు పెట్టె ఒక చేత్తో, బూట్లు కుట్టే ఇనప పాదం ఒక చేత్తో పట్టుకుని వచ్చారు. ఇనప పాదం నా ముందు పెట్టారు.

"వచ్చే ఆదివారంనుంచి గుమ్మంలో నువ్వు నిలబడాలి."

"నేనా? ఊళ్లో మంచి మనసున్న ఆడవాళ్లకి కరువొచ్చిందా?"

"వాళ్లతోనే చిక్కు. వాళ్లు విప్పమంటే జాలిపడ్డారని ఇట్టే తెలిసిపోతుంది. నీ నోరు విన్నవాళ్లు చచ్చినా అనుమానించరు."

పొగిడారో తిట్టారో ఇప్పటికీ తేల్చుకోలేదు. తల దించుకుంటే ఆయన బూట్లు కనపడ్డాయి. ఎడమదాని ముందుభాగం మొసలిలా నోరు తెరిచి ఉంది.

"విప్పండి," అన్నాను.

"బస్సు వెళ్లిపోతుంది చెల్లెమ్మా..."

"విప్పండి!"

పెట్టె దించారు. మెట్టుమీద కూర్చుని ముడి విప్పుతూ, జీవితంలో మొదటిసారి నన్ను మెచ్చుకోబోతున్నట్టు ముఖం పెట్టారు.

"గొంతు చాల్లేదు," అన్నారు. "డిపో ఆయన దాకా వినపడాలి. ఏదీ, మళ్లీ అను."