పర్వీన్ కుట్టని బొమ్మ

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. నోట్లోంచి రావడానికి క్షణం కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లయినా చోటు దొరకలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. ఎవరికి చెప్పాలో ఆ మనిషికి అసలే చెప్పలేదు. నేనెవరో తెలియని మీకు చెబుతున్నాను. మీకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది గద్వాల. నేనూ, పక్కింటి పర్వీనూ కలిసి ఎలుగుబంటి బొమ్మలు కుట్టేవాళ్లం. బజారులో దొరికే వాటిలా బిగుసుకుపోయి ఉండేవి కావు. తల తిరిగేది, కాళ్లూ చేతులూ కదిలేవి, కూర్చోబెడితే కూర్చునేవి. మిషన్ మీద కాదు, అంతా చేతికుట్టే. ఫోన్లో వీడియోలు చూసి మొదట నేర్చుకున్నది పర్వీనే. గట్టి అట్టను గుండ్రంగా కత్తిరించి భుజం లోపల పెట్టడం, దబ్బనంతో పొట్టలోంచి లావు దారం లాగి గుండీతో బిగించడం, చేయి వదులు కాకుండా, అలాగని పట్టేయకుండా ఎంతవరకు లాగాలో చూసుకోవడం, అన్నీ నాకు ఆమే నేర్పింది.

ఇటిక్యాల నుంచి లక్ష్మమ్మ అనే పెద్దావిడ మనవరాలి పుట్టినరోజుకని ఒక బొమ్మ అడిగింది. అదే రోజు ఇంకొకరికీ అలాంటిదే ఇవ్వాలి. ఒకే బట్ట, ఒకే రంగు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఒకరి చేతిలోది ఒకరం అందుకుంటూ పని చేశాం. నాకో అలవాటుంది. దబ్బనం పట్టుకునేటప్పుడు చిన్న సూదిని చేతిలో ఉన్న బట్టకే గుచ్చి పెడతాను. పర్వీన్ ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు. ఆ రోజూ బొమ్మ పొట్టకు లోపలివైపు అలాగే గుచ్చాను. చేయి బిగించాను. దూది కూరాను. ఇంకో సూది తీసుకుని వీపు మూసేశాను.

లక్ష్మమ్మ బొమ్మ తీసుకుని బస్సెక్కాక ఆ సూది గుర్తొచ్చింది. చాప దులిపాను. గుడ్డపేలికలన్నీ వెతికాను. ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? అనుకుంటే ఆ సాయంత్రమంతా ఇంట్లో అటూ ఇటూ ఎందుకు తిరిగాను? లక్ష్మమ్మ నంబరు నా ఫోన్లో ఉంది. తీసి చూశాను, పెట్టేశాను, మళ్లీ తీశాను. ఫోన్ చేస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుంది. చేయకపోతే ఏమీ జరగకుండానే పోవచ్చు. చేయలేదు.

కొన్నాళ్లకు లక్ష్మమ్మ మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి బొమ్మ తీసింది. పొట్ట కోసి ఉంది. పాప దాన్ని హత్తుకుని పొర్లితే లోపలి సూది బయటికి వచ్చి చెంప గీరుకుపోయిందట, కంటికి కాస్త కింద. దవాఖానకు తీసుకుపోయారట. చూపుకు ఏమీ కాలేదు.

"మీ ఇద్దర్ల ఎవరు కుట్టిన్రమ్మా దీన్ని? నేను కొట్లాడనీకె రాలే. ఎవరో చెప్తె సాలు" అంది.

పర్వీన్ నా పక్కనే ఉంది. నేను బొమ్మ వీపు చూశాను. కుట్లు ఎడమవైపు వాలి ఉన్నాయి. నావి అలాగే వాలతాయి.

"పర్వీన్ కుట్టిందమ్మా" అన్నాను.

పర్వీన్ బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"నేనేనా అక్కా?"

"నువ్వే గద. యాది లేదా?"

మొదటి మాట భయంతో వచ్చిందని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మరి రెండోది? ఆమె నన్ను నమ్మి అడిగింది. తనకు గుర్తున్నదాని కన్నా నా మాటే నిజమై ఉంటుందనుకుంది. అది నాకు ఆమె కళ్లలో కనిపిస్తూనే ఉంది. కనిపిస్తుండగానే అన్నాను.

"మాఫ్ చెయ్యమ్మా" అంటూ పర్వీన్ లక్ష్మమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. లక్ష్మమ్మ తిట్టలేదు. "పిల్ల మంచిగనే ఉంది, ఏడ్వకు బిడ్డా" అని వెళ్లిపోయింది.

మరునాడు పర్వీన్ తన దగ్గరున్న బొమ్మల బట్ట, దారాలు, దబ్బనాలు అన్నీ తెచ్చి నాకిచ్చింది. "నువ్వే కుట్టుకో అక్కా. నా చేతుల మీద నాకే భరోసా లేదు" అంది. వద్దనలేదు. తీసుకున్నాను. విషయం వాడంతా పాకింది. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు కూడా నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్లనూ వద్దనలేదు. ఆమె వీడియోల్లో చూసి నేర్చుకున్న పనితో నాకు పేరొచ్చింది. తర్వాత పర్వీన్ వాళ్లు అయిజకు వెళ్లిపోయారు.

మొన్న అయిజలో ఒక పెళ్లిలో కనిపించింది. ఒడిలో మనవడు. వాడి అంగీ గుండీ ఊడి వేలాడుతుంటే పక్కనున్న ఒకామె సూదీ దారం తెచ్చి ఇవ్వబోయింది. పర్వీన్ చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకియ్యకు. నా చేతుల సూది యాడికి పోతదో నాకే తెల్వదు" అని నవ్వింది. నా వైపు చూసి, "అక్కకు ఎర్కనే గద" అంది.

ఆ గుండీ నేనే కుట్టాను.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చుట్టూ జనం ఉన్నారనుకున్నాను. ఆమె నన్ను సాగనంపడానికి బస్టాండు దాకా వచ్చినప్పుడు జనం లేరు. అప్పుడు బస్సు వచ్చేస్తుందనుకున్నాను. బస్సు చాలాసేపటికి గానీ రాలేదు. ఆమె నా సంచి పట్టుకుని పక్కనే నిలబడింది.

అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పనికి కూర్చుంటాను, లేస్తాను. ఆమెకు చెబితే ఏమవుతుంది? పోయిన ఏళ్లు రావు. నా భారం దించుకోవడానికే చెబుతున్నానని ఆమెకు అనిపించవచ్చు. అది నిజం కూడా కావచ్చు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు.

కానీ ఇప్పటిదాకా మనసులో కూడా చివరిదాకా అనుకోలేని మాట ఒకటుంది. ఈ రోజు దాన్ని పూర్తిగా రాస్తున్నాను. ఆ సూది నేను మరిచాను. మరిచింది నేనేనని తెలిసే ఆమె పేరు చెప్పాను. ఆమె తనను తాను అనుమానించుకునేలా చేశాను.

రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.