అక్షరాలు చదివించే దయాసాగర్

గోదావరిఖనిలో దయాసాగర్ అన్న రిపేరు దుకాణానికి కంప్యూటర్ పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ ఊరికే కూర్చుని రాలేదు. ఆయన అందరిచేతా అక్షరాలు చదివిస్తాడు.

ఆయన దగ్గర మౌస్ లేదు. ఏ పనైనా నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేసే చేస్తాడు. ఆ కమాండ్లన్నీ అట్ట ముక్కల మీద లావుపాటి ఇంగ్లీషు అక్షరాలతో రాసి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు అట్ట పట్టుకుని ఒక్కో అక్షరం పైకి చదవాలి. ఆయన ఒక్కో మీట నొక్కుతాడు. ఎందుకన్నా అంటే, కళ్ళు మసకంటాడు.

చనిపోయిన తమ్ముడి ఫొటోలున్న కంప్యూటర్ తెరుచుకోవడం లేదని రఘుపతి సారు ఒకసారి వెళ్ళాడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే తనచేత ఏబీసీడీలు చదివిస్తావా అని మండిపడ్డాడట. "అయితే మీరు సాఫుగ సదువుతరు సారూ," అని దయాసాగర్ అన్న అట్ట చేతికిచ్చాడు. సారు గంటసేపు చదివి, గొంతు పోయి, ఫొటోలతో బయటపడ్డాడు.

పాడైన కంప్యూటర్లను తూకానికి అమ్మేముందు ఆయన ఇంకో పని చేస్తాడు. పెట్టెను వదిలేసి, లోపలున్నదంతా ఒకే ఫైలుగా తీసి దాచుకుంటాడు. ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో నడిపిస్తే, చచ్చిన కంప్యూటర్ దాని లోపల మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఆ ఫైళ్ళున్న డిస్కులు పెట్టుకున్న బీరువాను బజారులో అందరూ బొందలగడ్డ, అంటే శ్మశానం, అంటారు.

పోయిన వానాకాలం మాకు ఆ బొందలగడ్డతోనే పని పడింది.

మా బాపు సదయ్య ముప్పై నాలుగేళ్ళు భూగర్భ గనిలో బొగ్గు తవ్వాడు. రిటైరయ్యాక దగ్గు ఒక్కటే మిగిలింది. ఆయనతో డ్యూటీ చేసినవాళ్ళలో రాజం కాక దసరాకు పోయాడు, బిక్షం కాక సంవత్సరం తిరగకుండా పోయాడు. ఇద్దరివీ ఊపిరితిత్తులే. కరీంనగర్‌లో డాక్టరు బాపు ఎక్స్‌రే చూసి, కుడివైపు తెల్లటి మచ్చ ఉందన్నాడు. పాత ఎక్స్‌రేలో కూడా అంతే ఉంటే భయం లేదు, లేకపోతే సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు.

పదమూడేళ్ళ కింద తీయించిన ఎక్స్‌రే ఒకటి ఉండాలి. సూర్యగ్రహణం నాడు బాపే దాన్ని కత్తిరించి వాడకట్టు పిల్లలందరికీ తలా ఒక ముక్క పంచాడు. అది తీసిన సెంటరు, దాన్ని నడిపే డాక్టరుగారు చనిపోయాక మూతపడింది. ఆ సెంటరు కంప్యూటర్‌ను ఇనుప సామాన్లవాడికి వెయ్యకముందు ముట్టుకున్నది దయాసాగర్ అన్నే. నేను బాపును ఆటోలో తీసుకుపోయాను. దారి పొడుగునా ఆయన చెయ్యి మోకాలి మీద వణుకుతూనే ఉంది.

దయాసాగర్ అన్న అంతా విని బీరువా తెరిచాడు. ఫైలు దొరికింది. కానీ అది పాత పద్ధతిది, ఇప్పటి కంప్యూటర్ దాన్ని నడపదు, ఇంకో రకంలోకి మార్చాలన్నాడు. నాకు ఇవ్వకుండా అట్టను బాపు ఒళ్ళో పెట్టాడు.

"నేను సదువుకోలే తమ్మీ," అన్నాడు బాపు.

"గని బోర్డుల మీద అక్షరాలు గుర్తువట్టెటోనివి గద కాక. నా కండ్లు మసక. నువ్వే దిక్కు."

బాపు చూపుడు వేలు అట్ట మీద ఆనించి మొదలుపెట్టాడు. క్యూ. ఈ. ఎం. యూ. అడ్డగీత. ఒక్కో అక్షరానికీ ఒక్కో దగ్గు. సగం దూరం వచ్చాక దయాసాగర్ అన్న ఆపి, మొదటి నుంచి చదవమన్నాడు. మళ్ళీ చివరిదాకా వస్తే తెర మీద తప్పు పడింది.

"పెద్ద ఓ వడాలె కాక, చిన్న ఓ వడ్డది. మళ్ళ సదువు."

నాకు ఒళ్ళు మండింది. మనిషి ప్రాణం మీదికి వస్తే ఈయనకు పెద్ద ఓ, చిన్న ఓ కావలసి వచ్చాయి. బాపు మాత్రం తన పొరపాటే అనుకుని, నడుం నిటారుగా చేసుకుని మళ్ళీ చదివాడు. ఈసారి తెర మీద నూటికి ఒకటి, రెండు అంటూ అంకెలు కదిలాయి. వాటిని పైకి చెప్పే డ్యూటీ కూడా బాపుదే. గంటన్నర చెప్పాడు. నూరు పడ్డాక పాత సెంటరు కంప్యూటర్ తెర మీద లేచింది. అందులో బాపు పేరు, బాపు ఛాతీ, కుడివైపు చింతగింజంత మచ్చ ఉన్నాయి.

మర్నాడు డాక్టరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి కొలిచాడు. పాత మచ్చే, పెరగలేదు, సూది అక్కర్లేదన్నాడు. బొగ్గు దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు మాత్రం ఇక బాగుపడవని కూడా అన్నాడు. ఇప్పుడు బాపు పడుకునేటప్పుడు ఆక్సిజన్ పెట్టుకుంటాడు.

వారం తర్వాత ఆ మాట చెబుదామని దుకాణానికి వెళ్ళాను. దయాసాగర్ అన్న ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా అట్ట లేదు. వేళ్ళు మీటల మీద పరుగెడుతున్నాయి. మధ్యమధ్య గోడకున్న క్యాలెండర్‌లో చీమంత అక్షరాలు చూసి ఏదో తేదీ వేసుకుంటున్నాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"మరి ఆనాడు చిన్న ఓ ఎట్ల వడ్డదన్నా?"

ఆయన మీటల మీద దుమ్ము తుడిచాడు.

"కాక మంచిగనే సదివిండు. నేనే చిన్నది కొట్టిన. అప్పటికి ఆయన చెయ్యి వణుకుడు ఆగలే. ఈ దుకాణంల ఊకె కూసుంటే మనిషి ఏమేమో ఆలోచిస్తడు చెల్లె. అక్షరాలు సదువుతుంటే ఇంకోటి యాదికి రాదు." బాపుకు మాత్రం చెప్పవద్దన్నాడు.

నేను చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఇంకో చిక్కు వచ్చింది. దయాసాగర్ కళ్ళ మీద బాపుకు బెంగ పట్టుకుంది. పెద్దపల్లిలో కంటి పరీక్షల శిబిరమని విని, వద్దు వద్దంటున్నా ఆయన్ను బస్సెక్కించాడు. నేనూ వెంట వెళ్ళాను.

రెండు గంటలు వరుసలో కూర్చున్నాం. తీరా అక్షరాల బోర్డు ముందు నిలబెడితే, దయాసాగర్ అన్న వెనకనున్న బాపును ఒకసారి చూసి, రెండో వరుసలోనే తడబడ్డాడు. వెనక నుంచి బాపు దగ్గు అణచుకుంటూ "ఎఫ్" అని అందించాడు. డాక్టరమ్మ బాపును కోప్పడి బయటకు పంపింది. చివరికి దయాసాగర్ అన్నకు దళసరి అద్దాలు అంటగట్టింది.

అవి పెట్టుకున్నాక ఆయనకు నిజంగానే మసకబారింది. గుమ్మం దిగుతూ మెట్టు కనబడక తూలాడు. ఊపిరి అందని మా బాపు గబగబా వెళ్ళి ఆయన రెక్క పట్టుకుని దింపాడు.

"ఎట్ల కనవడుతుంది తమ్మీ?"

"కొద్దిగ నయమే కాక. పూర్తిగ పోలే."

బాపు నా వైపు తిరిగాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన ముఖంలో షిఫ్టుకు బయలుదేరే మనిషి కనిపించాడు.

"రేపటి సంది పొద్దుగాల నాకు జల్ది చాయ్ పొయ్యాలె బిడ్డ. దుకాణంల సదువుటానికి పోవాలె."